ఫోన్‌కు కనిపిస్తున్న మా వైఫై లాప్‌టాప్‌కు, ప్రింటర్‌కు కనిపించడం లేదు

తణుకు టీచర్:
అందరికీ నమస్కారం. మొన్నటి గాలివానలో పిడుగులకు మా ఇంటర్నెట్ పెట్టె కాలిపోయింది. కంపెనీ అబ్బాయి వచ్చి కొత్తది బిగించి, మా అబ్బాయి ఫోన్‌కు వైఫై కలిపి, స్పీడు చూపించి వెళ్ళాడు. ఆ ఫోన్‌లో నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. నా లాప్‌టాప్‌లో మాత్రం మా వైఫై పేరే రావడం లేదు. పాస్‌వర్డ్ గొడవ కాదు. జాబితాలో పక్కింటివి, ఎదురింటివి, కింది వాటావాళ్ళవి అన్నీ వరుసగా ఉన్నాయి, మాది ఒక్కటే లేదు. ప్రింటర్‌దీ అదే వరస. మామయ్యగారి ఫోన్‌లో హాల్లో ఉంటే కనిపిస్తుంది, వెనక గదిలోకి వెళ్తే మాయమైపోతుంది.

లాప్‌టాప్ మా తమ్ముడు అమెరికాలో వాడి నాకిచ్చినది, విండోస్ 10. పాత పెట్టె ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. కొత్త పెట్టెను టీవీ కింద అలమారాలో పెట్టారు. పదో తరగతి పిల్లలకు ప్రశ్నపత్రాలు ప్రింట్ తీసే రోజులివి, తెలిసినవారు కాస్త దారి చూపించండి.

భీమవరం బాబు:
మేడమ్, పెట్టె వెనక చిన్న కన్నం ఉంటుంది. అందులో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కి పట్టుకోండి. అంతా మొదటికి వచ్చేస్తుంది. మా ఇంట్లో రౌటర్‌కి ఏమొచ్చినా నేను చేసేది అదే.

ఫైబర్ అన్న:
టీచర్ గారూ, దయచేసి ఆ పిన్ను జోలికి వెళ్ళకండి. నేను గోదావరి జిల్లాల్లో ఫైబర్ లైన్ల పనిలో ఉన్నాను, రోజూ చూస్తుంటాను కాబట్టి చెబుతున్నా. బాబు గారు చెప్పింది షాపులో కొన్న రౌటర్‌కి సరిపోతుంది. ఫైబర్ నేరుగా వచ్చి దిగే పెట్టె, మేం ఓఎన్‌టీ అంటాం, అందులో మీ కనెక్షన్ యూజర్ పేరు, వీల్యాన్ నంబరు (లైనులో మీ నెట్‌ను వేరుగా గుర్తించే నంబరు) లాంటివి కంపెనీవాళ్ళు ఎక్కించి ఉంటారు. కొన్ని పెట్టెలు రీసెట్ అయ్యాక వాటిని పైనుంచి మళ్ళీ తెచ్చుకుంటాయి, కొన్ని తెచ్చుకోవు. తెచ్చుకోకపోతే ఇప్పుడు అబ్బాయి ఫోన్‌కు వస్తున్న నెట్ కూడా పోతుంది, మనిషి వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ ఉండదు.

ఇంకో మాట. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగా వెలిగితే ఫైబర్ తెగిందనో, వంగిందనో అర్థం. అప్పుడు కూడా వైఫై పేరు మాత్రం అన్నిటికీ కనిపిస్తూనే ఉంటుంది, నెట్ రాదంతే. మీకు నెట్ ఉంది, పేరు లేదు. కాబట్టి లైను గురించి బెంగ వద్దు.

ఓరుగల్లు అడ్మిన్:
మేడమ్, ఏ వస్తువుకు కనిపిస్తున్నది, ఏ వస్తువుకు కనిపిస్తలేదు అని విడివిడిగా రాసిండ్రు. చాలామంది అది రాయకనే "వైఫై వస్తలేదు" అంటరు, అప్పుడు ఏం చెప్పాల్నో తెలువది. ఇంట్లో ఒక్కదానికి కూడా పేరు కనిపించకపోతే పెట్టెను అనుమానించాలె. కొన్నిటికి కనిపించి కొన్నిటికి కనిపించకపోతే పెట్టె పనిచేస్తున్నట్టే, అది పంపే తీరుకు, ఆ వస్తువు వినే తీరుకు ఎక్కడనో పొసుగుతలేదు.

రౌటర్ తన పేరును ఊర్ల దండోరా వేసినట్టు చాటుతనే ఉంటది. బీకన్ అంటరు దాన్ని. మామూలుగ 102.4 మిల్లీసెకన్లకు ఒకటి, అంటే సెకనుకు దగ్గర దగ్గర పది. మన లాప్‌టాప్ ఒక్కో చానల్ మీద (రేడియో స్టేషన్ నంబరు అసొంటిది) కొద్దిసేపు ఆగి, ఎవరెవరి పేర్లు వినపడ్డయో అవి జాబితాల పెడతది. అంటే ఆ చానల్ మీదికి అది పోవాలె, అక్కడ వినపడేంత బలం ఉండాలె, విన్నది దానికి అర్థం కావాలె. ఈ మూడింట్ల ఏది తప్పినా పేరు రాదు.

అబ్బాయి ఆండ్రాయిడ్ ఫోన్‌ల వైఫై ఎనలైజర్ అసొంటి యాప్ ఒకటి వేసి, మీ పెట్టె వాడే రెండు రేడియో పట్టీలల్ల, మీ పేరు 2.4 గిగాహెర్ట్జ్‌ల ఏ చానల్ మీద ఉన్నది, 5 గిగాహెర్ట్జ్‌ల ఏ చానల్ మీద ఉన్నది చూసి చెప్పుండ్రి. పక్కింటోళ్ల పేర్లల్ల చివర 5జీ అని (5 గిగాహెర్ట్జ్ అని అర్థం, మొబైల్ 5జీ కాదు) ఉన్నవి మీ లాప్‌టాప్‌కు కనిపిస్తున్నయా? లాప్‌టాప్ ఏ సంవత్సరంది?

డల్లాస్ తమ్ముడు:
అక్కా, పేరు దాచిపెట్టే ఆప్షన్ ఆన్ అయి ఉందేమో కూడా చూడండి. అబ్బాయి ఫోన్‌ను కంపెనీ అతనే కలిపాడన్నారు కదా. ఒకసారి సేవ్ అయిన ఫోన్ దాచిన పేరును కూడా పట్టుకుంటుంది, కొత్తగా వెతికే లాప్‌టాప్‌కు మాత్రం కనిపించదు.

ఐఫోన్ మాత్రమే ఉన్నవాళ్ళకు ఎనలైజర్ యాప్‌లు పనికిరావు, ఆపిల్ ఆ అనుమతి ఇవ్వదు. ఆపిల్ వాళ్ళదే ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ అనే యాప్ దించుకుని, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు కిందికి వెళ్ళి వైఫై స్కానర్ ఆన్ చేస్తే చానల్ నంబర్లు వస్తాయి.

ఓరుగల్లు అడ్మిన్:
తమ్మీ మంచి మాట చెప్పిండు. అయితే మామయ్యగారి ఫోన్ హాల్ల ఉంటే జాబితాల పేరు చూపిస్తున్నది కాబట్టి దాచింది కాకపోవచ్చు. పేరు దాచుకునుడు వల్ల రక్షణ ఏం పెరగది. పేరు దాస్తే మన ఫోనే ఎక్కడికి పోయినా "ఫలానా వైఫై ఉన్నదా" అని పేరుపెట్టి అడుగుకుంట తిరుగుతది. మంచి పాస్‌వర్డ్ పెట్టుకుని పేరును బాజాప్తా కనిపించనియ్యుడే మేలు.

తణుకు టీచర్:
చూశాను. మా పేరు 2.4లో 13వ చానల్ మీద ఉంది. అదే పేరు 5లో 36వ చానల్ మీద కూడా ఉంది. 13 దగ్గర మాది తప్ప ఇంకెవరిదీ లేదు, 1, 6, 11 దగ్గర పక్కవాళ్ళవి ఒకదాని మీద ఒకటి గుట్టగా ఉన్నాయి. ఎదురింటివాళ్ళ పేరు చివర 5జీ అని ఉంది, అది లాప్‌టాప్‌లో కనిపిస్తోంది. లాప్‌టాప్ 2014లో కొన్నాడట మా తమ్ముడు.

ఓరుగల్లు అడ్మిన్:
దొరికింది మేడమ్. ఒకటి కాదు, రెండు కారణాలు ఒకదాని మీద ఒకటి పడ్డయి.

మొదటిది ఆ 13. మన దేశంల 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ దాకా, అందుల 1 నుంచి 13 చానళ్లు వాడుకోవచ్చు. అమెరికాల వాడుక 11 దాకనే. అక్కడ అమ్మిన లాప్‌టాప్‌లు చాలావరకు 12, 13 మీదికి పోవు, పోయి వినకపోతే ఇంకేం కనిపిస్తది. కొన్ని ప్రింటర్లు, చిన్న చిన్న పరికరాలు కూడా ఎక్కడ కొన్నా గంతే, అన్ని దేశాలకు చెల్లేటట్టు 11 దగ్గరనే ఆపేస్తరు. మీ ప్రింటర్‌కు ఇదే కారణం అయి ఉండాలె.

కానీ లాప్‌టాప్‌కు ఈ ఒక్కటే సరిపోదు. ఎదురింటి 5 గిగాహెర్ట్జ్ పేరు దానికి కనిపిస్తున్నదంటే దాని వైఫై కార్డుకు 5 వస్తది. మీ పేరు 36 మీద కూడా ఉన్నది, 36 అమెరికాల కూడా ఉన్న చానలే. అయినా అది కనిపిస్తలేదంటే ఇంకోటి అడ్డం ఉన్నది. అదేందో నాకు అనుమానం ఉన్నది గానీ, ముందు చానల్ మార్చుండ్రి. రెండూ ఒక్కసారే మార్చితే ఏది దేనివల్ల బాగైందో తెలువది.

ఫైబర్ అన్న:
చానల్ మార్చే పద్ధతి నేను చెబుతా. అబ్బాయి ఫోన్ మీ వైఫైలోనే ఉంచి, బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టండి. కొన్ని పెట్టెలకు 192.168.0.1. యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టె అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. వైర్‌లెస్ లేదా డబ్ల్యూలాన్ అనే చోట 2.4 గిగాహెర్ట్జ్ తెరిస్తే చానల్ ఆటో అని ఉంటుంది. దాన్ని తీసి 1, 6, 11లో ఒకటి పెట్టండి. ఆ ఎనలైజర్ యాప్ గ్రాఫ్‌లో పక్కవాళ్ళ గీత ఏ నంబరు దగ్గర పొట్టిగా ఉందో అది. ఆ మధ్యలో 3, 4, 8 లాంటివి పెట్టకండి. చానళ్ళ మధ్య దూరం 5 మెగాహెర్ట్జే, ఒక్కో వైఫై కనీసం 20 ఆక్రమిస్తుంది, అటూ ఇటూ ఉన్న ఇద్దరితోనూ తగువే.

ఆ పేజీకి తాళం వేసి ఉంటే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి "2.4 చానల్ ఆటో తీసి 6 పెట్టండి" అని నంబరుతో సహా అడగండి. "వైఫై రావట్లేదు" అంటే ఆఫ్ చేసి ఆన్ చేయమంటారు. ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడు ఆటో మళ్ళీ వెతుక్కుని ఈసారి 6 మీద కూర్చోవచ్చు, ప్రింటర్ కనిపించవచ్చు, బాగైపోయిందని మీరనుకుంటారు. వారం తిరక్కుండా మళ్ళీ 13కి పోతుంది. "ఒకరోజు కనిపిస్తుంది, ఒకరోజు కనిపించదు" అని మాకు వచ్చే ఫిర్యాదుల్లో ఇదొక పెద్ద వాటా. నా మట్టుకు నేను, ఇంట్లో పాత వస్తువు ఒక్కటి ఉన్నా ఆటో ఉంచను.

తణుకు టీచర్:
11 పెట్టాం, మా వీధిలో అక్కడే కాస్త పల్చగా ఉంది. ప్రింటర్ తెరమీద మా పేరు వచ్చేసింది, పాస్‌వర్డ్ కొట్టగానే కలిసింది. లాప్‌టాప్‌లో ఇంకా లేదు. అడ్మిన్ గారు చెప్పిన రెండోది ఏమిటో చెప్పండి.

ఓరుగల్లు అడ్మిన్:
మీ కొత్త పెట్టె వైఫై 6ది అయి ఉంటది. 802.11ఏఎక్స్ అని రాస్తరు. దాని బీకన్‌ల పాత వాటిల్ల లేని కొత్త వివరాలు కొన్ని ఉంటయి. తెలియని భాగం వస్తే వదిలేసి మిగతాది చదువుకోవాలని నియమం. కానీ ఆ కాలపు కొన్ని కార్డుల డ్రైవర్లు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) అట్ల చెయ్యవు, మొత్తం బీకన్‌నే పక్కకు పడేస్తయి. అందుకే పక్కింటి పాత రౌటర్లు అన్నీ కనిపిస్తయి, మన కొత్తది ఒక్కటే కనిపించదు. కార్డు పాడు కాలేదు, పెట్టె పాడు కాలేదు. డ్రైవర్ పాతది.

చూసుకునుడు అల్కగనే ఉంటది. అదే వైర్‌లెస్ పేజీల మోడ్ అని ఉన్నకాడ 2.4కు బీ/జీ/ఎన్ అని, 5కు ఏ/ఎన్/ఏసీ అని పెట్టుండ్రి, ఇవన్ని పాత తరాల వైఫై పేర్లు. ఏఎక్స్ ఉండొద్దు. ఒక నిమిషం ఆగి లాప్‌టాప్‌ల వైఫై ఆఫ్ చేసి ఆన్ చెయ్యుండ్రి. పేరు వస్తే నా అనుమానం నిజమైనట్టు.

అక్కడితో ఆగొద్దు. డివైస్ మేనేజర్‌ల నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైర్‌లెస్ కార్డు మీద రెండుసార్లు నొక్కితే డ్రైవర్ అనే ట్యాబ్‌ల తేదీ ఉంటది. 2018కి ముందుదైతే మార్చాల్సిందే. "అప్‌డేట్ డ్రైవర్" నొక్కితే విండోస్ చాలాసార్లు "మీది కొత్తదే" అని చెప్పి ఊకుంటది, దాన్ని నమ్మొద్దు. కార్డు మోడల్ నంబరు చూసుకుని, ఆ కార్డు చేసిన కంపెనీ సైట్ నుంచే దించుకోవాలె.

భీమవరం బాబు:
అడ్మిన్ గారూ, లాప్‌టాప్‌కు నెట్టే లేనప్పుడు డ్రైవర్ ఎలా దించాలి? ఏఎక్స్ తీసేసి అలాగే ఉంచితే స్పీడు తగ్గిపోదా?

ఓరుగల్లు అడ్మిన్:
రెండూ అడగాల్సినవే. ఫోన్‌ను చార్జింగ్ వైరుతో లాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌ల యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే చాలు. ఫోన్ ఇంటి వైఫైల ఉంటే ఆ నెట్టే వైరు మీది నుంచి లాప్‌టాప్‌కు పోతది, మొబైల్ డేటా ఖర్చు కూడా కాదు. వైరు డేటా పంపేదై ఉండాలె, చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే వైర్లు ఉంటయి చూడుండ్రి. లేకపోతే పెట్టె నుంచి ల్యాన్ వైరు.

ఏఎక్స్ తీసేస్తే 5 మీద ఏసీ ఉంటది, 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌కు అది దండిగ సరిపోతది. అయినా డ్రైవర్ మార్చినంక ఏఎక్స్ తిరిగి పెట్టుకోవాలె. కొత్త ఫోన్లు నాలుగైదు ఒక్కసారే వాడే ఇంట్ల దాని లాభం తెలుస్తది. ఒక పాత వస్తువు కోసం ఇల్లంతా వెనక్కి పోవద్దు.

తణుకు టీచర్:
వచ్చింది! ఏఎక్స్ తీయగానే నిమిషంలో లాప్‌టాప్‌లో మా పేరు. డ్రైవర్ తేదీ చూస్తే 2015 అని ఉంది. కొత్తది దించి వేసి, మళ్ళీ ఏఎక్స్ పెట్టినా పేరు నిలబడింది. మీ అందరికీ ఎన్ని ధన్యవాదాలు చెప్పినా తక్కువే. ఇక మామయ్యగారి గది మిగిలింది. ఆయన వెనక గదిలోనే ఎక్కువ ఉంటారు, రోజూ మనవరాలితో వీడియోలో మాట్లాడతారు.

ఫైబర్ అన్న:
పెట్టెను ఆ అలమారాలోంచి బయటికి తీయించండి టీచర్ గారూ. పైన టీవీ, వెనక గోడ, లోపల సెట్‌టాప్ బాక్సు, వైర్లు. టీవీ వెనక రేకు కూడా సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. హాలుకూ వెనక గదికీ మధ్య ఇనుప బీరువా ఉంటే దానికి నిలువుటద్దం కూడా ఉండే ఉంటుంది. రేకు, అద్దం వెనక పూత, రెండూ సిగ్నల్‌ను వెనక్కి కొట్టేవే. మనిషి తలకంటే ఎత్తులో, హాలు తలుపు ఎదురుగా గోడకు బిగిస్తే చాలు. ఫైబర్ వైరు పొడవు చాలకపోతే మా వాళ్ళను అడగండి, మీరు లాగకండి, చిన్న వంపు పడ్డా సిగ్నల్ పడిపోతుంది.

ఒకే పేరు 2.4, 5 రెండు బ్యాండ్లకూ (పట్టీలకూ) ఉంది కదా, మామయ్యగారి ఫోన్ 5ని పట్టుకుని వేలాడుతూ ఉండవచ్చు. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటడంలో 2.4 కంటే బలహీనం. ఆయనకు వేరుగా 2.4 పేరు పెట్టి, ఫోన్‌లో అదొక్కటే సేవ్ చేయండి.

డల్లాస్ తమ్ముడు:
ఈ వేరు పేర్ల సంగతి ఇక్కడ అమెరికాలోనూ ఉంది. ఇక్కడ 2020 ఏప్రిల్‌లో 6 గిగాహెర్ట్జ్‌లో 1200 మెగాహెర్ట్జ్ వైఫైకి తెరిచారు. కొత్త రౌటర్లు దానికి వేరే పేరు పెట్టుకోనిస్తాయి. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఆ పేరు చెబితే వాళ్ళ ఫోన్లలో ఎంత వెతికినా రాదు, 6 గిగాహెర్ట్జ్ రేడియో లేని ఫోన్‌కు ఆ పేరు లేనట్టే. పైగా ఆ బ్యాండ్‌లో డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రతా పద్ధతి తప్పనిసరి. పెద్దవాళ్ళకు ముందే 2.4, 5 కలిసిన పేరు ఒకటి రాసి ఫ్రిజ్ మీద అంటించి పెడితే వాళ్ళు ఇబ్బంది పడరు.

తణుకు టీచర్:
పెట్టె గోడకెక్కింది, వెనక గదిలో సిగ్నల్ నిండుగా ఉంది. పేర్లు ఎలాగూ మారుస్తున్నాం కాబట్టి తెలుగులో పెడదామని మా అబ్బాయి అంటున్నాడు. "మా ఇంటి వెలుగు" అని కొడితే పెట్టె తీసుకోవడం లేదు, "శ్రీనిలయం" తీసుకుంది. తెలుగు పేరు వల్ల మళ్ళీ ఏదైనా కనిపించకుండా పోతుందా?

ఓరుగల్లు అడ్మిన్:
వైఫై పేరుకు 32 బైట్లే జాగ ఉంటది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు. తెలుగుల ప్రతి అక్షరానికే కాదు, గుణింతానికి, పొల్లుకు, సున్నకు కూడా మూడేసి బైట్లు. "శ్రీనిలయం" అంటే శ, పొల్లు, ర, దీర్ఘం, న, గుడి, ల, య, సున్న. తొమ్మిది మూళ్లు 27, పట్టింది. "మా ఇంటి వెలుగు"ల అట్లాంటివి పన్నెండు, 36 బైట్లు, మధ్యల రెండు ఖాళీలు కలిపి 38. పట్టది.

ఫోన్లు, ఇప్పటి లాప్‌టాప్‌లు తెలుగు పేరును చక్కగ చూపిస్తయి. పాత ప్రింటర్లు, సీసీ కెమెరాలు, వైఫై బల్బుల యాప్‌లు కొన్ని పిచ్చి గుర్తులు చూపిస్తయి, కొన్ని ఆ పేరునే వదిలేస్తయి. బల్బులు, ప్రింటర్లు చాలావరకు 2.4 మీదనే ఉంటయి కాబట్టి 2.4కు ఖాళీలు లేని ఇంగ్లిష్ అక్షరాల పేరు, 5కు తెలుగు పేరు పెట్టుకోండ్రి. నాకైతే తెలుగు పేరు కనిపిస్తే సంబురం. పెట్టుండ్రి.

కడప కోడలు:
ఇదంతా చదివి మా సమస్య కూడా రాస్తున్నా. మా ఇంట్లో అయితే ఒక్క ఫోన్‌కు కూడా కనిపించడం లేదు. పెట్టె మీద పవర్ లైటు ఉంది, ఫైబర్ కలిసిందని చూపే పాన్ లైటు పచ్చగా ఉంది. డబ్ల్యూలాన్ అని రాసిన లైటు ఆన్ చేసిన కాసేపటికి ఆరిపోతోంది. వైరు పెట్టిన కంప్యూటర్‌లో నెట్ వస్తోంది, అది కూడా మధ్యమధ్యలో తెగుతోంది. ఎండాకాలం కరెంటు పోయి వచ్చినప్పుడు అడాప్టర్ కాలిపోతే మా మరిది వేరేది తెచ్చి పెట్టాడు.

అనంత రిపేర్స్:
అక్కా, నేను అనంతపురంలో ఇట్లాంటివే బాగుచేస్తుంటా. ముందు పెట్టె పక్కన వైఫై అనో డబ్ల్యూలాన్ అనో చిన్న బటన్ ఉంటుంది చూడు. దుమ్ము తుడిచేటప్పుడు నొక్కుకుపోతే వైఫై ఒక్కటే ఆగిపోతుంది. కానీ మీది వెలిగి ఆరిపోతుంది అంటున్నావు, అడాప్టర్ మారింది అంటున్నావు. నాకు దాని మీదే అనుమానం. పెట్టె అడుగున ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉందో, అడాప్టర్ మీద ఏముందో రెండూ చూసి చెప్పు.

కడప కోడలు:
పెట్టె మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు. అడాప్టర్ మీద 12 వోల్టులు, 0.5 ఆంపియర్.

అనంత రిపేర్స్:
అదే అక్కా. లైట్లు వెలగడానికి అర ఆంపియర్ చాలు. వైఫై రేడియో లేచి సిగ్నల్ పంపేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది, అడాప్టర్ ఇయ్యలేక వోల్టేజీ పడిపోతుంది, రేడియో ఆగిపోతుంది. ఒక్కోసారి పెట్టే రీస్టార్ట్ అవుతుంది, నెట్ మధ్యలో తెగేది అందుకే. మీటర్ పెట్టి ఉత్తగా చూస్తే 12 చూపిస్తుంది, పెట్టె నడుస్తుండగా చూస్తేనే తెలుస్తుంది.

12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అడాప్టర్ తెప్పించు. 2 ఆంపియర్లది అయినా పరవాలేదు, పెట్టెకు కావల్సినంతే తీసుకుంటుంది. వోల్టులు మాత్రం 12కు మించకూడదు. పిన్ను లావు సరిపోవాల, వదులుగా ఉంటే అదీ ఇట్లే సతాయిస్తుంది. అడాప్టర్ మీద చిన్న వృత్తాల గుర్తు ఉంటుంది, ప్లస్ లోపలి చుక్క వైపా, బయటి గీత వైపా అని. పెట్టె మీద గుర్తుతో అది కలవాల, తిరగబడితే పెట్టె పోతుంది. రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ కొనేటప్పుడు కూడా ఈ లెక్కే.

కడప కోడలు:
సరే అన్నా, రేపు మరిదితో రెండు ఆంపియర్లది తెప్పిస్తా. గుర్తు ఫోటో తీసి ఇచ్చి పంపుతా, షాపులో పోల్చి చూసి తెమ్మంటా.